కొండ మీద పేర్లు పిలవొద్దు

ఆయన పోయిన సంగతి, దారి ఎలా ఉందో అడుగుదామని ఫోన్ చేస్తే తెలిసింది. ఆదివారం పదిమందిమి గుట్ట ఎక్కుదామనుకున్నాం. వారం రోజులుగా ముసురు పట్టి ఉంది. శనివారం పొద్దున ఎప్పటిలాగే ఆయన నంబరుకు చేశాను. ఆయన భార్య ఎత్తింది.

"ఆయన పోయిండు సారూ. నాలుగొద్దులాయె. జరమొచ్చింది, రెండొద్దులే ఉన్నడు" అంది. నేను ఎందుకు ఫోన్ చేస్తానో ఆమెకు తెలుసు. "దారి ఎట్లున్నదో మరి నాకెర్క లేదు" అంది.

ఆ ఆదివారం మేము గుట్టకు పోలేదు.

నేను ఖమ్మంలో ఇంటర్ పిల్లలకు బాటనీ చెప్తాను. వారమంతా నాలుగు గోడల మధ్య ఆకుల బొమ్మలు గీసి గీసి విసుగెత్తి, ఆదివారాలు నిజం ఆకులు చూడటానికి అడవికి పోవడం మొదలుపెట్టాను. తోటి లెక్చరర్లు ఒకరిద్దరు తోడయ్యారు. వాళ్ల స్నేహితులు, ఆ స్నేహితుల స్నేహితులు కలిసి చివరికి అదొక గుంపయింది. ఇల్లందు దాటి భద్రాచలం వైపు అడవిలోకి పోయే రోడ్డు మీద ఒకచోట వ్యాను ఆపి, అక్కడినుంచి నడక. ముందు ఒక వాగు దాటాలి. తర్వాత వెదురు పొదలు. ఆపైన గుట్ట నడుం మీద ఇంటి కప్పు అంత వెడల్పున, ఏటవాలుగా పరుచుకున్న నల్లటి బండ. దాన్ని అందరూ నడిమి బండ అంటారు. అది దాటితే పైన నీళ్లు దూకే చోటు. రానూ పోనూ ఆరేడు గంటలు. వాగు దాటాక ఫోన్లు పనిచేయవు.

ఆయన ఇల్లు వాగుకు ఇవతల, రోడ్డు చివర ఉండేది. బొగ్గు బాయిలో పని చేసి, ముందుగానే ఉద్యోగం వదిలేసి, భార్య పుట్టిన పల్లెకు వచ్చి రెండెకరాలు సాగు చేసుకుంటున్నాడు. గుట్ట ఎక్కేవాళ్లకు దారి చూపడం ఎవరూ అప్పజెప్పిన పని కాదు. ఫారెస్టు వాళ్ల పర్మిషన్ కాగితం తీసుకుని మేము మొదటిసారి వెళ్లినప్పుడు, వాగు ఒడ్డున నిలబడి మా చెప్పుల వంక చూశాడు. మనుషుల వంక కాదు, చెప్పుల వంక.

"ఇవేసుకొని నడిమి బండ ఎక్కుతరా?" అన్నాడు.

"ఏం కాదులే కాకా" అన్నాడు మాలో ఒకాయన.

ఆయన ఇంట్లోకి వెళ్లి ఒక పొడుగాటి కర్ర తెచ్చుకుని మా ముందు నడవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆరేళ్లు ఆయన లేకుండా ఆ గుట్ట మీద ఒక్క అడుగు వేయలేదు.

కర్ర చివర ఇనప పొన్ను ఉండేది. రాయి మీద కాలు పెట్టే ముందు దాంతో ఒకసారి తట్టేవాడు. తట్టి, తల పక్కకు వంచి వినేవాడు. గట్టి రాయి టంగుమంటుంది. లోపల వదులైన రాయి దబ్బుమంటుంది, ఖాళీ కుండ మీద కొట్టినట్టు. దబ్బుమన్న రాయి మీద ఆయన కాలు పెట్టడు, మమ్మల్ని పెట్టనివ్వడు. బాయిలో పైకప్పును అట్లాగే కొట్టి చూసేవాళ్లట. "బండ ఊకె కూలదు సారూ. ముందుగాల మాట్లాడతది. మనం ఇనాలె" అనేవాడు.

ఆ అలవాటు గుట్ట మీదే కాదు. ఒకసారి ఖమ్మంలో మా ఇంటికి భోజనానికి వచ్చాడు. గడపలో నిలబడి ముందు పైకి చూశాడు. కొత్తగా వేసిన స్లాబు. పోయి గోడను వేలి కణుపుతో రెండుచోట్ల తట్టి, చెవి ఆనించి, అప్పుడు లోపలికి వచ్చాడు. మా ఆవిడ నా వంక చూసింది. అన్నం తిన్నంతసేపూ గుమ్మానికి దగ్గరగా కూర్చున్నాడు. సొంత ఇంట్లో కూడా చలికాలమైనా, ముసురైనా వాకిట్లో పందిరి కిందే పడుకునేవాడని ఆయన భార్య చెప్పింది.

శనివారం ఫోన్లో ఆయన దారి గురించి చెప్పే తీరు వినాలి. వాతావరణ వార్తల్లాంటిది కాదు. జబ్బు మనిషిని చూసి వచ్చినవాళ్లు చెప్పినట్టుండేది. "వాగు మోకాలు మీదికొచ్చింది. పొద్దుమీకి తగ్గుతది. వెదుర్ల ఎలుగ్గొడ్డు తిరుగుతుంది, పుట్టల్ల ఉసిళ్లు లేస్తున్నయ్ గద. నడిమి బండ ఏడుస్తుంది." బండ ఏడవడమంటే లోపలి పగుళ్లలోంచి నీరు ఊరడం. ఏడుస్తుంది అంటే ఆ వారం పోకూడదు. "మూల్గుతుంది" అన్నాడంటే పోవచ్చు గాని నా వెనకే రావాలి అని. ఎండాకాలం "నవ్వుతుంది" అనేవాడు. ఆ మాట అన్నప్పుడు కూడా ఆయన గొంతులో నవ్వుండేది కాదు.

ఆయనకున్న ఒక గుణం మాత్రం మొదట్లో నన్ను భయపెట్టేది. పిలిస్తే పలికేవాడు కాదు.

"కాకా!" అని వాకిట్లో నిలబడి పిలుస్తాం. జవాబుండదు. ఇంట్లో లేడేమో అనుకుని తిరగబోతే పక్కనే నిలబడి ఉంటాడు. అడుగుల చప్పుడు కూడా వినిపించదు. భార్య పిలిచినా అంతే. చేలోంచి లేచి వచ్చి ఆమె ఎదురుగా నిలబడతాడు గాని ఉన్నచోటి నుంచి నోరు తెరిచి ఊఁ అనడు. ఫోన్ ఎత్తినా హలో అనడు. అవతల ఊపిరి మాత్రం వినిపిస్తుంది. మనమే మాట్లాడాలి. మనం ఎవరో తెలిశాక, "అవ్, చెప్పు సారూ" అంటాడు.

"పెండ్లైన కొత్తల చెవుడేమో అనుకున్న" అని నవ్వింది ఆయన భార్య ఒకసారి. "తర్వాత నాకే అలవాటైంది. పిలుసుడు బంద్ వెట్టిన."

గుట్ట మీద ఆయన పెట్టిన నియమాలు మూడే. మొదటిది బిళ్లలు. నూనె డబ్బా రేకును గుండ్రంగా కత్తిరించి, మేకుతో చుక్కలు చుక్కలుగా నంబర్లు పొడిచి, దారాలు కట్టి ఉంచేవాడు. వాగు దాటే ముందు తలా ఒకటి ఇచ్చేవాడు. దిగి వచ్చాక ఎవరి బిళ్ల వాళ్లే తెచ్చి ఆయన చేతిలో పెట్టాలి. "నాది, ఈయనది కలిపి ఇస్తున్న" అంటే తీసుకోడు. బాయిలోకి దిగేవాళ్లకు అట్లాగే బిళ్లలుండేవట. పైన బిళ్ల లేదంటే మనిషి లోపల ఉన్నట్టు.

రెండోది, తప్పిపోతే నడవకూడదు, అరవకూడదు. ఎక్కడున్నవాళ్లు అక్కడే కూర్చుని రాయితో బండ మీద మూడు మూడుగా కొట్టాలి.

మూడోది అందరికీ విచిత్రంగా అనిపించేది. గుట్ట మీద ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు. నంబరు పిలవాలి. ఆ నంబరువాళ్లు "ఉన్న" అనాలి. ఒక్క మాట, అంతే.

"పేరైతే ఏమైంది కాకా?" అని అడిగాను ఒకసారి.

"పేరు ఎవలైన పలుకుతరు సారూ" అన్నాడు.

నాకు ఆ మాట క్లాసులో హాజరులా అనిపించింది. స్నేహితుడి కోసం ఇంకొకడు ప్రెజెంట్ సార్ అనడం నాకు రోజూ ఉన్నదే. నవ్వి ఊరుకున్నాను.

మూడేళ్ల కింద ఆగస్టులో జరిగింది ఇప్పుడు చెప్పేది.

ఆ వారం ఆయన "మూల్గుతుంది" అన్నాడు. "రాకుంటె మంచిది" అని కూడా అన్నాడు. కానీ హైదరాబాద్ నుంచి ఐదుగురు అప్పటికే బయలుదేరి వచ్చారు. కంపెనీలో పనిచేసే పిల్లలు. సరే, నడిమి బండ దాకా పోయి చూసి వెనక్కి వద్దామన్నాను. మొత్తం పద్నాలుగు బిళ్లలు ఇచ్చాడు. పదకొండో నంబరు ఆ ఐదుగురిలో ఒక అమ్మాయికి వచ్చింది. పొట్టిగా, పచ్చ రంగు టోపీ పెట్టుకుని, ప్రతి ఆకు పేరూ అడుగుతూ నా పక్కనే నడిచింది.

నడిమి బండ చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఆయన బండ అంచున నిలబడి కర్రతో తట్టాడు. ఇంకోచోట తట్టాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, చెంప బండకు ఆనించి చాలాసేపు ఉండిపోయాడు. అందరూ మాటలు ఆపేశారు. లేచి, "ఎనకకు మర్లుండ్రి" అన్నాడు.

ఇంకా మలుపు తిరగలేదు, మంచు కమ్మింది. మా వైపు గుట్టల్లో వానాకాలం మంచు పైనుంచి రాదు, లోయలోంచి పైకి పాకుతుంది. ముందు చెట్ల మొదళ్లు పోయాయి, తర్వాత మా కాళ్లు, తర్వాత ముందు నడిచేవాళ్ల వీపులు. దిగేటప్పుడు ఆయన ఎప్పుడూ చివర నడుస్తాడు. నేను ముందున్నాను. ప్రతి మలుపు దగ్గరా ఆగమని, వెనకనుంచి నంబర్లు పిలిచాడు.

"ఒకటి."

"ఉన్న" అన్నాను.

"రెండు." "ఉన్న." అట్లా పద్నాలుగు వరకూ. పదకొండు అన్నప్పుడు ఆడగొంతు "ఉన్న" అంది. రెండో మలుపులో కూడా అంది. మూడో మలుపులో, వెదురు పొదల దగ్గర కూడా అంది. నా చెవులతో విన్నాను. మంచులో గొంతులు వింతగా వినిపిస్తాయి, దగ్గరవాళ్లది దూరంగా, దూరంవాళ్లది చెవి పక్కన. కానీ లెక్క సరిపోయింది. భయం పోయి పిల్లలు జోకులు కూడా వేసుకున్నారు.

వాగు దాటాక బిళ్లలు తీసుకున్నాడు. పదమూడు వచ్చాయి.

పదకొండు లేదు. పచ్చ టోపీ లేదు.

పదో నంబరు ఆ అమ్మాయి స్నేహితురాలే. ఏడుపు మొదలుపెట్టింది. "నా ముందే ఉందనుకున్నాను సార్. మూడుసార్లూ ముందునుంచే వినిపించింది."

పన్నెండో నంబరు కుర్రాడు ఆమె వంక వింతగా చూశాడు. "కాదు. నా వెనకనుంచి వినిపించింది" అన్నాడు.

"ఎవలన్నరు?" అని ఆయన అడిగాడు. గొంతు పెంచలేదు. అక్కడున్న నలుగురు ఆడపిల్లల్లో ఒక్కొక్కరి ముందూ నిలబడి అడిగాడు. "తిట్టను బిడ్డా. పదకొండు అన్నప్పుడు ఉన్న అన్నది నువ్వా?" ఎవరూ అనలేదు. ఒట్టు వేశారు. ఇప్పటికీ వాళ్లు అబద్ధం చెప్పారని నేననుకోను.

ఆయన ముఖంలో నెత్తురు లేదు. ఆరేళ్లలో ఆయన అట్లా ఉండటం నేను చూసింది ఆ ఒక్కసారే. కర్ర తీసుకుని వాగులోకి దిగాడు. నేను వెంట నడిచాను. మిగతావాళ్లను కదలొద్దన్నాం.

పైకి పోతుంటే మంచు ఇంకా చిక్కబడింది. వెదుర్లు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటున్నాయి. ఆ చప్పుడులో ప్రతిదీ మాటలాగే ఉంది. నేను తట్టుకోలేక ఆ అమ్మాయి పేరు పెట్టి అరవబోయాను. మొదటి అక్షరం బయటికి రాకముందే ఆయన అరచెయ్యి నా నోటి మీద పడింది. బీడీ వాసన, తడిసిన మట్టి వాసన.

"వద్దు" అన్నాడు చెవిలో. "పేరు పిలిస్తె వస్తది ఆ పిల్ల. యాడికెల్లి పిలుస్తున్నమో దానికి తెల్వదు. ఆగమాగం నడుస్తది."

దిగేటప్పుడు మొదట ఆగిన మలుపు దగ్గర, దారి పక్కన పరుచుకున్న బండ మీద బోర్లా పడుకున్నాడు. కర్ర పొన్నుతో మూడుసార్లు కొట్టాడు. చెవి ఆనించి విన్నాడు. ఏమీ లేదు. పది గజాలు ఎడమకు జరిగి మళ్లీ కొట్టాడు. నాకేమీ వినిపించలేదు. నాలుగోచోట కొట్టి, పడుకునే చెయ్యి ఎత్తి ఎడమ వైపు చూపించాడు.

ఎడమ వైపు మేమెప్పుడూ పోము. అక్కడ ఇంకో సన్న వాగు గుట్ట అంచు దాకా పారి, ఒక్కసారిగా నాలుగు తాటిచెట్ల లోతుకు దూకుతుంది. ముళ్లు పట్టుకుని జారుతూ అటు దిగాం. కొంచెం దిగాక నాకూ వినిపించింది. టక్ టక్ టక్. ఆగి, మళ్లీ టక్ టక్ టక్.

ఆ అమ్మాయి అంచుకు మూడడుగుల దూరంలో కూర్చుని ఉంది. కాలు మడత పడి చీలమండ వాచింది. స్టీలు నీళ్ల సీసాతో రాయి మీద కొడుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి గాని మమ్మల్ని చూసి కూడా వెంటనే కొట్టడం ఆపలేదు.

రెయిన్‌కోటు తీసుకోవడానికి బండ చాటున ఆగిందట. అంతలో వరస ఆమెను దాటిపోయింది. మంచులో ఆయన కూడా దాటిపోయాడు. "మీరు పిలుస్తూనే ఉన్నారు కదా. నేను ఉన్న అంటూనే ఉన్నాను. మూడుసార్లూ అన్నాను" అంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. తర్వాత నా వంక చూసి, "కానీ సార్, తర్వాత పేరు పెట్టి ఎందుకు పిలిచారు? నంబరే పిలుస్తామన్నారు కదా. అందుకే ఇటొచ్చాను" అంది.

"ఎటునుంచి పిలిచాం?" అన్నాను.

ఆమె చెయ్యెత్తి ఎదురుగా చూపించింది. ఎదురుగా మంచు తప్ప ఏమీ లేదు. ఆ సన్న వాగు నీళ్లు దూకే చోటు.

"రెండుసార్లు పిలిచారు. ఇంకోసారి పిలిస్తే ఎట్లాగైనా లేచి వద్దామనుకున్నాను. అప్పుడే కింద రాయి మోగింది. కూర్చుని రాయి కొట్టాలన్నారు కదా అని గుర్తొచ్చింది."

మేమెవరం ఆమెను పేరు పెట్టి పిలవలేదు. నేను పిలవబోయింది గంట తర్వాత, అదీ బయటికి రాలేదు. లోయలో గొంతులు తిరిగి తిరిగి కొడతాయని, నీళ్ల చప్పుడులో మనసు మాటలు అల్లుకుంటుందని నాకు తెలుసు. పిల్లలకు కూడా అట్లాగే చెప్పాను. అక్కడ నిలబడినప్పుడు మాత్రం నాకు అట్లా అనిపించలేదు. ఆ ఎదుటి తెల్లదనంలోకి రెండోసారి చూడటానికి ధైర్యం చాలలేదు.

ఆయన ఆమెను వీపు మీద ఎక్కించుకున్నాడు.

వ్యాను పంపించేసరికి సాయంత్రం ఐదున్నర. నా బండి అక్కడే ఉంది కాబట్టి నేను ఆగాను. ఆయన పందిరి కింద కూర్చున్నాడు. భార్య చాయ్ తెచ్చి పెట్టి, మా ఇద్దరి ముఖాలూ చూసి లోపలికి పోయింది.

"మనిషి ఒకకాడ, పలుకు ఒకకాడ" అన్నాడు. "నా పానం పోయింది సారూ ఇయ్యాల."

"దొరికింది కదా కాకా. ఇంక మర్చిపో."

"ఈ పిల్ల దొరికింది" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ఏ బాయో చెప్పలేదు, ఏ సంవత్సరమో చెప్పలేదు. నేను అడగలేదు. పనిలో చేరి మూడేళ్లయిందట. ముగ్గురు ఒకచోట పని చేస్తున్నారు. మిగతా ఇద్దరు పక్క దారిలోకి పోయారు. అప్పుడు పైకప్పు కూలింది. ఈయన దుంగల సందున కూర్చున్నవాడు కూర్చున్నట్టే మిగిలాడు. దీపం ఆరిపోయింది. నోట్లో బొగ్గు పొడి.

"ఎంతసేపో ఎర్క లేదు. అవుతలికెల్లి పిలిచిన్రు. ముందుగాల నా పేరే పిలిచిన్రు. ఉన్న అన్న. తర్వాత రెండో ఆయన పేరు పిలిచిన్రు. సప్పుడు లేదు. మల్ల పిలిచిన్రు. సప్పుడు లేదు. వాళ్లల్ల వాళ్లు గుసగుస మాట్లాడుకున్నరు. నాకేమనిపించింది సారూ, ఒక్కడే ఉన్నడని మెల్లగ తవ్వుతరేమో, రేపు తవ్వుతరేమో అనిపించింది. ముగ్గురున్నరంటె జల్దీ తవ్వుతరనిపించింది."

చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు గాని తాగలేదు.

"మూడోసారి ఆయన పేరు పిలిచిన్రు. గొంతు మార్చి ఉన్న అన్న. ఇంకో ఆయన పేరు పిలిచిన్రు. మల్ల మార్చి ఉన్న అన్న."

అందరూ అక్కడే తవ్వారు. ముగ్గురూ అక్కడే పలికారు కాబట్టి. బయటికి తీశాక, మిగతా ఇద్దరేరి అని అడిగారు. ఆయన నోట మాట రాలేదు. దెబ్బ తగిలి మాట పడిపోయిందనుకున్నారు. తర్వాత పక్క దారి తవ్వితే ఇద్దరూ దొరికారు. ఒకరి సద్ది గిన్నె మూత తీసి ఉందట. సగం అన్నం తిని, సగం దాచుకున్నాడు.

"నన్ను తీసేనాటికి వాళ్లు బతికే ఉన్నరు. డాక్టరు చూసి చెప్పిండు. మరి పలికినోళ్లు అక్కడెట్ల పోయిన్రని ఎవలు నన్ను అడగలే. నేను చెప్పలే. నా ఆడిమనిషికి గూడ చెప్పలే."

చీకటిలో, ఆ వయసులో, ఎవరైనా అట్లాగే చేస్తారని అనొచ్చు. అన్నాను కూడా. ఆయన విన్నట్టు లేదు. "అప్పటికెల్లి ఎవలు పిలిచినా నాకు నోరు రాదు సారూ" అన్నాడు.

రెండు నెలల తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. ఎప్పుడూ చేయనివాడు.

"నేలకొండపల్లి దిక్కు ఒక ఊరికి నీ బండి మీద తీస్కపోతవా?" అన్నాడు. చనిపోయిన ఇద్దరిలో ఒకాయనకు పెళ్లి కాలేదు, తల్లి కూడా పోయింది. రెండో ఆయన భార్య కూతురి దగ్గర ఆ ఊళ్లో ఉంటోందని ఎవరినో అడిగి తెలుసుకున్నాడు.

పొద్దున తొమ్మిదింటికి చేరాం. ఆమె వాకిట్లో గోనె పట్టా మీద కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. డెబ్బై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా కూర్చుంది. పక్కన నిండుగా ఇంకో నాలుగు తట్టలు. ఆయన ఎదురుగా నిలబడ్డాడు. నేను కొంచెం దూరంలో బండి దగ్గర ఉన్నాను. గుర్తుపట్టలేదు. తానెవరో చెప్పాడు. "ఓ, నువ్వా. ముసలోడివైనవ్" అంది. అప్పుడు చెప్పాడు, నాకు చెప్పినట్టే, అదే వరసలో. ఆమె చేతులు ఆగలేదు. తొడిమ తుంచడం, కాయ చాటలో వేయడం. చెప్పడం అయిపోయాక కూడా ఇంకో నాలుగు కాయలు తీసింది.

"తాడు కట్టి మమ్ముల అవుతల నిలవెట్టిన్రు" అంది. "లోపల్కి ఆడోళ్లను రానియ్యలే. ఒకాయనొచ్చి, పలికిండమ్మా, నీ పెనిమిటి పలికిండు అన్నడు. ఇగ వస్తడు గద అని ఇంటికి పోయి తానానికి నీళ్లు కాగవెట్టిన."

ఆయన తల వంచుకున్నాడు.

"అన్నం తిన్నడా?" అంది.

"సగం తిన్నడు."

ఆమె తల ఊపింది. "నువ్వు ఏమని పలికినవ్?" అంది.

"ఉన్న అన్న."

"గంతేనా?"

"గంతే."

ఆమె చేతిలో కాయ కింద పెట్టింది. ముఖం పక్కకు తిప్పింది, ఆయన వైపు కాదు, ఖాళీగా ఉన్న వీధి వైపు. ముసలి గొంతే, కానీ ఒక్కసారిగా బిగువు వచ్చింది.

"ఏమయ్యో!" అని పిలిచింది.

పిలిచింది పోయిన భర్తనని నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. ఆయన నిలబడినచోటే ఉన్నాడు. పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. ఆమె అట్లాగే వీధి వైపు చూస్తూ ఎదురుచూసింది. చివరికి, చాలా సన్నగా, ఆయనది కాని గొంతుతో, "ఉన్న" అన్నాడు.

ఆమె విన్నది. తల అడ్డంగా ఊపింది.

"మా ఆయన గట్ల అనడు. పెండ్లైనకాడికెల్లి నేను ఎన్నడు పిలిచినా 'ఏందే' అనుడే. నన్ను ఒక్కసారి పిలవనిస్తె అయిపోతుండె. ఆడున్నది ఆయన కాదని నాకు తెల్సిపోతుండె."

లోపల కూతురు గిన్నెలు కడుగుతున్న చప్పుడు. ఆయన వెళ్లిపోవడానికి తిరగలేదు, కూర్చోనూ లేదు. ఆమె పొమ్మనలేదు, ఉండమనలేదు. ఒక తట్ట ఆయన వైపు జరిపింది.

"ఎండ ముదరకముందే తియ్యాలె" అంది.

ఆయన కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తొడిమలు తీశారు. నేను బండి దగ్గర వేపచెట్టు నీడలో ఉండిపోయాను. తట్టలు ఖాళీ అయ్యాక ఆమె లేచి, కొంగు దులుపుకుని, లోపలికి పోయింది. తలుపు మాత్రం వేసుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన నా వెనక కూర్చున్నాడు. చేతులు కడుక్కోలేదు. మిరప ఘాటుకు ఎర్రగా ఉబ్బాయి. అద్దంలో చూస్తే రెండు చేతులూ ఒంటికీ, కళ్లకీ తగలకుండా అటొకటి ఇటొకటి చాపి, గాలికి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఖమ్మం దాకా అట్లాగే వచ్చాడు.